నిలబడితేనే మాట్లాడే పిల్ల

రెండేండ్లు ఒక పిల్ల మోకాళ్లు చూసుకుంటనే ఇంగ్లీషు చెప్పిన నేను.

మహబూబ్‌నగర్ల డిగ్రీ కాలేజీల నాది ఇంగ్లీషు నౌకరి. కరోనా వచ్చినంక సగం మంది పిల్లలు క్లాసుల, సగం మంది ఫోన్లల్ల. బెంచీల మీదోళ్లకు చెప్తుంటె ఫోన్లల్ల ఉన్నోళ్లు "మేడం, ఇనవస్తలేదు" అనేది. వాళ్ల కోసం గట్టిగ ఒర్రితే బెంచీలోళ్లు చెవులు మూసుకునేది. అసలే నాకు ముక్కు మీద కోపం. దినాం ఎవల్నో ఒకల్ని తిట్టకుంటె తిన్నది అరగదు.

ఆ ఫోన్లోళ్లల్ల ఒక పిల్లది అమ్రాబాద్ దిక్కు. మేకలు, గొర్లు కాసే ఇల్లు. ఇంట్ల సిగ్నల్ రాదు, ఊరవుతల బండల కాడికి పోతే జర వస్తది. ఫోన్‌ను రాయికి ఆనిచ్చి, ముందట కూసొని వినేది. గంత వరకు మంచిగనే ఉండేది. నేను పేరు పెట్టి పిలిస్తె సాలు, దిగ్గున లేచి నిలబడేది. ఇంకేమున్నది, మొఖం మాయం. తెర మీద మోకాళ్లు, లంగా అంచు, ఎనుక మేకలు. క్లాసంతా ఒకటే నవ్వుడు.

"కూసో బిడ్డా, కూసొనే చెప్పు" అంటె కూసుండేది. కూసున్నదంటె మాట బందు. ఎస్ మేడం, నో మేడం, అంతే. నిలబడితే మట్టుకు తప్పో ఒప్పో గడగడ చెప్పేది. గిదేం ఆగమురా దేవుడా అని తల పట్టుకునేదాన్ని.

ఒకపారి కోపమొచ్చి వాళ్ల బాపుకే ఫోన్ చేసిన. "మీ బిడ్డకు జర కూసుండుడు నేర్పుండ్రి" అన్న. ఆయన నాకన్న గట్టోడు. "గదేంది మేడం, సదువు చెప్పే అమ్మ అడుగుతుంటె కూసొని జవాబిస్తదా? మేం గట్ల పెంచలే" అన్నడు. నేనే ఫోన్ పెట్టేసిన.

మాది నకిరేకల్ దిక్కు మగ్గాల ఇల్లు. మా నాయిన పొద్దంత మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని కూసొనే ముచ్చట చెప్పేటోడు, కూసొనే తిట్టేటోడు. మాట్లాడుడంటె కూసొని మాట్లాడుడే అని నా లెక్క. మేకలు కాసుకుంట, కట్టె మీద గడ్డం ఆనిచ్చి పొద్దంత నిలబడి, అవుతలి గట్టు మీదోళ్లతోని మాట్లాడే ఇండ్లు ఉంటయని నాకు తట్టనే లేదు.

డిగ్రీ అయిపోయే యేడు, అమ్రాబాద్ అడివి చూడొచ్చేటోళ్లను తిప్పి, ఇంగ్లీషుల అన్ని చెప్పే కొలువొకటి పడ్డది. ఒక్కటే జాగా. ఇంటర్వ్యూ వీడియోల. పిల్ల నాకు ఫోన్ చేసింది. "మేడం, అడివి నాకు ఎరికే. గిది రాకుంటె పట్నం పోయి ఏ దుకాన్లనో చేరాలె. నాకు పట్నం వద్దు, గిదే గావాలె" అన్నది. అది ఏడుపు గొంతు.

"ఫికర్ చెయ్యకు, కాలేజీకి రా, ఈడ నెట్టు మంచిగుంటది" అన్న. వారం దినాలు దానికి కూసొని మాట్లాడుడు ప్రాక్టీసు చేపిచ్చిన. నవ్వకుండ్రి, నిజంగనే చేపిచ్చిన. కుర్సీల కూసోవెట్టి, "లేసినవంటె కాళ్లిరగ్గొడ్త" అని గూడ అన్న.

ఆ పొద్దు స్టాఫ్ రూంల టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టిన. నేను దాని ఎనుక, కెమెరాకు కానరాకుంట నిలబడ్డ. తెర మీద ఇంటర్వ్యూ చేసే పెద్దసారు గుడ్ మార్నింగ్ అన్నడో లేదో, పిల్ల లేచింది. గుడ్లురిమిన. కూసున్నది. మీ అడివిల ఏమేమున్నయో చెప్పమన్నడు. "టైగర్ సర్... బేర్ సర్..." అంతే, గొంతు లోపల్కే పోయింది. అయిపాయె, కొలువు పాయె అనుకున్న. వారం దినాలు నేను నేర్పిన కూసుండుడే దాని గొంతు పిసుకుతాంది. నా మీద నాకే అసయ్యమైంది.

అప్పుడు లేచి నిలబడ్డది. నా దిక్కు చూడనన్న చూడలే.

"ప్లీజ్ సిట్ డౌన్. ఐ కెనాట్ సీ యువర్ ఫేస్" అన్నడు సారు.

"సారీ సర్. ఇన్ ద ఫారెస్ట్ ఐ విల్ బి స్టాండింగ్ ఓన్లీ" అన్నది.

అడివిల ఎట్లయిన నిలబడే చెప్పాలె గద సారూ అని దాని మాట. ఆ ముక్క నేను నేర్పలే, ఏ పుస్తకంల లేదు. నాకు మతి వచ్చింది. లాప్‌టాప్‌ను రెండు చేతులతోని లేపి, దాని మొఖానికి సమంగ పట్టుకొని నిలబడ్డ.

ఇగ సూడుండ్రి! ఇప్పపూలు రాలే దినాలల్ల ఎలుగుబంటి ఏ యాల్లకు వస్తదో, మేకలు చెవులు నిక్కబొడిస్తె మనం ఏం సమజ్ చేసుకోవాల్నో, చేతులు తిప్పుకుంట చెప్తనే ఉన్నది. మాట తెల్వనికాడ తెలుగే అనేస్తున్నది. సారు ఒక్కపారన్న ఆపలే, ఇంకా ఇంకా అడిగిండు. నా రెట్టలు గుంజుతున్నయి, మోకాళ్ల నొప్పి ఇంకో దిక్కు. అయినా దించలే.

ఆఖరికి సారు నవ్వి, సోమవారం వచ్చి పనిల చేరుమన్నడు. తెర ఊగుతుంటె అనుమానమొచ్చిందేమో, "హూ ఈజ్ హోల్డింగ్ ద కంప్యూటర్?" అని అడిగిండు.

పిల్ల అప్పుడు చూసింది నా దిక్కు.

"మై టీచర్, సర్. షి ఈజ్ ఆల్సో స్టాండింగ్."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తుడుసుకుందమంటె చేతులు ఖాళీ లేవు.