డచ్చి దొర వాటా

బెర్బీస్ నది ఒడ్డున, పాత డచ్చి తోట చెత్తదిబ్బలో పాతకాలపు గాజు సీసాలు తవ్వి అమ్ముకుని బతికేది మా వేవ్నీ అక్క. తవ్విన గుంత పూడ్చేముందు అడుగున ఒక నిండు రమ్ము సీసా, మూతికి లక్క వేసి పాతిపెట్టాలి. అది చచ్చిన డచ్చి దొర వాటా. ఎగ్గొడితే వెంటబడి ఇంటికొస్తాడు.

మొన్న అక్క ఆ సీసాలో రమ్ముకి బదులు నీళ్లు పోసి పాతింది. “చచ్చినోడికి రుచేం తెలుసే,” అంది.

నిన్నటి వానకి గట్టు విరిగి ఆ సీసా, అంతకుముందు పాతిన రమ్ము సీసా రెండూ బయటపడ్డాయి. రెండింటి లక్కా చెక్కుచెదరలేదు. నీళ్ల సీసా నిండుగానే ఉంది. రమ్ము సీసాలో చుక్క లేదు.

అక్క గుంతలోనే కూలబడింది.

“ఇంటికి పోదాం, లే అక్కా.”

“నువ్వు పోవే. నేనొస్తే వాడూ వస్తాడు. ఇంట్లో పిల్లలున్నారు.”