అమ్మమ్మ పట్టుకున్న ఎర్ర కొస

నా చిన్నప్పుడు పోలీసు జవాను గట్టు మీద కనబడితే మా ఊళ్లో గేదెలు సైతం పాలు ఎగబిగించేవి. ఆయన ఎర్ర తలపాగా విప్పి పరిస్తే రాజమండ్రిలో మొదలై ధవళేశ్వరం ఆనకట్ట దాటుతుందని ప్రతీతి. ఆయన పేరు చెబితే ఏడ్చే పిల్లలే కాదు, గురకపెట్టే మా తాతయ్య కూడా నోరు మూసుకునేవాడు.

ఓ వేసవిలో మా పిన్ని పెళ్లి, కాలవ దిగువన మావయ్యగారి ఊళ్లో. అందరూ ముందే వెళ్లిపోయారు. కంసాలి ఆలస్యం చేసిన పుట్టింటి మంగళసూత్రాన్ని ఇంకొకరి చేతికిస్తే మైలపడుతుందని, మా అమ్మమ్మ తానే కొంగున ముడేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పెళ్లిరోజున పడవెక్కింది. ఎండాకాలం మరమ్మతులకి కాలవకి నీళ్లు కట్టేస్తారని పసిపిల్లలకీ తెలుసు. "నేనుండగా కట్టేస్తారా?" అని అమ్మమ్మ ధీమా.

కట్టేశారు.

పడవ బురదలో దున్నపోతులా కూలబడింది. గట్టుకీ మాకూ మధ్య ఏనుగు దిగితే తొండం మాత్రమే కనిపించేంత బురద. భుజాన మోసుకెళ్తానన్నాడు పడవ నడిపే సరంగు.

"మడిలో ఉన్నాను. ముట్టుకున్నావంటే కాలవలో దూకేస్తాను!"

"దూకడానికి నీళ్లేవండీ మామ్మగారూ?"

ముహూర్తం ముంచుకొస్తోంది. కొంగుముడి పట్టుకున్న అమ్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలవలో కంటే అక్కడే ఎక్కువున్నాయి.

సరిగ్గా అప్పుడే గట్టు మీదికి జవాను వచ్చాడు. సంగతంతా విని, తలపాగా విప్పాడు. లోకాన్ని వణికించిన ఆ ఎరుపు కింద నున్నటి గుమ్మడికాయ లాంటి బట్టతల! నా భయమంతా దాని మీదనుంచి జారిపోయింది. ఆయన ఆ గుడ్డని మిగిలిన మడుగులో ముంచి, ఒక కొస పడవలోకి విసిరాడు.

"ఈ నీళ్లు గోదారి తల్లివే కదండీ? నా తలపాగా తానం చేసేసిందండి. ఇంకా మైలేంటండి?"

శాస్త్రంలో సందు దొరికిన అమ్మమ్మ దాన్ని నడుముకి చుట్టుకుంది. జవాను లాగుతుంటే ఉత్సవ రథంలా ఊగుతూ గట్టెక్కింది. సరంగు భుజమ్మీద నేను ఊరేగాను.

గట్టెక్కాక అమ్మమ్మ రెండడుగులేసి ఆగిపోయింది. అది గమనించి, "తలపాగా ఆరాలి కదండీ, ఆ కొస వదలకండి" అన్నాడాయన. అలా గుడ్డ ఊతంగా, ముందు జవాను, వెనక అమ్మమ్మ ఊళ్లోకి అడుగుపెట్టారు.

"మామ్మగార్ని కట్టి తీసుకొస్తున్నార్రోయ్!" అని పెళ్లిపందిట్లోంచి ఎవరో అరిచారు.

సన్నాయి మధ్యలో ఆగింది. పెళ్లికొడుకు పీటల మీదనుంచి లేచి నిలబడ్డాడు.

"వాయించండర్రా! సూత్రం తెచ్చాను!" అని వీధిలోంచే కేకేసింది అమ్మమ్మ. ఆ మేళం సముద్రం దాకా వినిపించి ఉంటుంది.

పిన్ని మెడలో సూత్రం పడ్డాక, జవాను తలపాగా చుట్టుకోవడానికి అమ్మమ్మే రెండో కొస పట్టుకుంది. ఆయన గిర్రున తిరుగుతూ చుట్టుకుంటూ దగ్గరికి వచ్చేశాడు. మిగిలిన కొసని ఆవిడే తన చేత్తో ఆయన తలపాగాలో దోపింది. తరవాత స్నానం చేయడం మరిచిపోయింది.

ఇప్పటికీ ఎర్ర తలపాగా వస్తుంటే మా వీధిపిల్లలు తలుపుల వెనక దాక్కుంటారు. నేను మాత్రం, దాని రెండో కొస పట్టుకుని వెనక ఎవరు నడిచొస్తున్నారా అని తొంగిచూస్తాను.