రంగక్క వండిన దేశాలు

మా వల్లూరులో పాస్‌పోర్టు లేకుండా లోకమంతా తిరిగి వచ్చినవి రెండే. ఒకటి తిమ్మన్న నాలుక, రెండోది ఆయన భార్య రంగక్క పొయ్యి.

తిమ్మన్నకు వేరుశనగ పండే చేను ఉండేది. సోలార్ పార్కు వచ్చి దాన్ని లీజుకు తీసుకుంది. కాయలు ఊరిన చోట పలకలు లేచాయి. ఆ పలకల గేటు దగ్గరే తిమ్మన్నకు కుర్చీ వేసి సెక్యూరిటీ గార్డుగా కూర్చోబెట్టారు. రాత్రి డ్యూటీ. తన చేనిలోకి ఎవరూ పోకుండా, తానూ పోకుండా, తనే కాపలా. అందుకు బాధపడ్డాడేమో నాకు తెలియదు. ఇచ్చిన టోపీ చెవుల మీదికి జారుతోందని మాత్రం చెప్పాడు.

పలకలు బిగించే రోజుల్లో ఏవేవో దేశాల ఇంజనీర్లు గెస్ట్‌హౌస్‌లో ఉండేవారు. మన కారం తట్టుకోలేక వాళ్ల వంట వాళ్లే వండుకునేవారు. గేటు దగ్గర పెద్దాయన ఒక్కడే కూర్చున్నాడని తలా ఒక గరిటె పెట్టి పోయేవారు. తిమ్మన్న తినేవాడు. ఇంటికి కొంచెం కట్టించుకుని రావచ్చు కదా అంటే ఒప్పుకునేవాడు కాదు. "అడిగి కట్టించుకోనీకి నేనేమన్నా బిచ్చానికి పోయినానా?" అనేవాడు.

కట్టించుకోలేదు కానీ నోట్లో పెట్టుకుని తెచ్చేవాడు. తెల్లారి డ్యూటీ దిగితే బీడీ ముట్టించడు, టీ తాగడు, దారిలో పలకరిస్తే తల ఊపి పోతాడు. ఒకసారి నేను అడ్డం నిలబడి పలకరించినా పెదవి విప్పలేదు. విప్పితే స్పెయిన్ దేశం ఎగిరిపోయి పక్కూరు బలసముద్రంలో పడుతుందని భయం. చివరి మాట నేను కలిపింది. మిగతాదంతా నిజం.

నేరుగా పొయ్యి దగ్గరికి పోయి కూర్చుని ఆ రుచిని రంగక్కకు అప్పజెప్పేవాడు.

"మొదట పులుపు తగుల్తాదే. ఆమీద కొంచెం తీపి. నమిల్తే దారం మాదిరి జారతాది."

"దారం తిన్యావా ఏంది?"

"శావిగలనుకోవే. తిననీకి ముళ్ల చెంచా ఇస్తారు."

"ముళ్లా! నాలిక్కు గుచ్చుకోదా?"

ఇట్లాంటి తగువు వస్తే తీర్పుకు, వరసకు బావనైన నా దగ్గరికే రావాలి. నన్ను చిన్నప్పుడు కాన్వెంటులో వేశారు. ముళ్ల చెంచా పట్టడం సిస్టర్లు నేర్పారు. సెలవులకు వచ్చి ఆ విద్యను రాగి ముద్ద మీద చూపించబోయి మా అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను. అయినా ఊళ్లో విదేశీ భోజనాలకు పెద్ద దిక్కు నేనే. తిమ్మన్న చెప్పినదానికి పేరు పెట్టేవాణ్ణి. పేరు తెలియకపోతే కథ పెట్టేవాణ్ణి. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, గుడ్డు కలిపి మందంగా పోసే అట్టును స్పెయిన్ వాళ్లు గుర్రం మీద పోతూనే తిరగేస్తారని చెప్పాను.

రంగక్క చేతిలో పెనం పట్టుకుని నావైపు చూసింది. "గుర్రానికి నూనె చిట్లదా బావా?" అంది.

ఆమె ఏ దేశపు వంటా కంటితో చూడలేదు. తిమ్మన్న మాట, ఇంట్లో ఉన్న డబ్బాలు, అంతే ఆధారం. ఇటలీ పాస్తా అంటే రాగిపిండిని శావిగల మరలో ఒత్తి, టమోటా, బెల్లం వేసి తాలింపు పెట్టింది. చైనావాళ్ల ఆవిరి కుడుములకు లోపల వేరుశనగల పొడి కూరింది. ఏది పెట్టినా తిమ్మన్న ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "అచ్చం అదేనే" అనేవాడు. అప్పుడు రంగక్క కొంగుతో మొహం తుడుచుకునేది. చెమట తుడుచుకున్నట్టు ఉండేది కానీ నవ్వు దాచుకోవడమే.

పలకలు బిగించడం అయిపోయింది. ఇంజనీర్లు ఎవరి దేశం వాళ్లు పోయారు. పోయిన ఎండాకాలం తిమ్మన్న డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. దీనికి కలపడానికి నా దగ్గర ఏమీ లేదు.

మహాలయ అమావాస్యకు మా ఇళ్లలో పెద్దలకు ఆకు వేస్తాం. పోయినవాళ్లు బతికుండగా ఇష్టపడినవన్నీ వడ్డించి, తలుపు దగ్గరికి వేసి, ఇంటిల్లిపాదీ బయట కూర్చుంటాం. వాళ్లు వచ్చి తిని పోతారు. మనిషి పోయిన ఏడాది వేసే మొదటి ఆకులో ఇష్టమైనది లేకపోతే ఆకలితో వెనక్కి పోతారని భయం. తిమ్మన్నకు పాస్తా పెట్టాలని రంగక్క అనుకుంది. ఆ మాట విని, ఆ సోలార్ ప్లాంటులోనే పనిచేసే కొడుకు దర్శన్ బెంగళూరు నుంచి హోటలు పాస్తా డబ్బా ఒకటి తెచ్చాడు. రంగక్క జీవితంలో మొదటిసారి అసలు దాన్ని రుచి చూసింది.

ఆ డబ్బా పట్టుకునే మా ఇంటికి వచ్చింది.

"తిను బావా."

తిన్నాను. వెన్న, చీజు, ఏదో పచ్చటి ఆకు. దీనికీ ఆమె రాగి శావిగలకూ చుట్టరికం కూడా లేదు.

"నేను చేసినట్ల ఉండాదా?"

"కొంచెం చూస్తే..." అని సాగదీశాను.

"వద్దు బావా. శావిగలకూ అచ్చం అదే అన్యాడు, కుడుములకూ అదే అన్యాడు, మాడిపోయిన అట్టుకూ అదే అన్యాడు. అన్నీ అచ్చం ఎట్లయితాయి? నా మనసు నొవ్వకుండా మింగినాడు." గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆకులో ఏం పెట్టల్ల? నచ్చకపోతే చెప్పనీకి కూడా లేడే."

నా దగ్గర ఒక కథ తయారుగా ఉంది. గేటు దగ్గర తిమ్మన్న నా చెవిలో ఫలానాది ఇష్టమని చెప్పినట్టు. నోరు తెరిచాను. రంగక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ గుర్రం కథ చెప్పొద్దు. మీ ఇద్దరిదీ ఒకే బడి."

ఆ కథను అట్లాగే మింగేశాను. తర్వాత నిజంగానే తెలియక అడిగాను.

"అచ్చం అదే అననిది ఏమన్నా ఉండాదామ్మా?"

రంగక్క డబ్బా మూత నొక్కుతూ ఆలోచించింది.

"ఒగటి ఉండాది. లెబనాన్ సారు పెట్టింటాడే, శనగలు రుబ్బింది."

"హమ్ముస్."

"అదే. ఇంట్లో శనగలు లేవని అలసందలు ఉడకబెట్టినా. నువ్వులు లేవని శెనిక్కాయలు ఏంచి ఏసినా. ఎల్లిపాయ, నిమ్మరసం కలిపి రోట్లో రుబ్బి రాగి రొట్టె మింద పెట్టిస్తే, 'కాదు లేమే, అది ఇట్ల లేదు' అన్యాడు. కాదన్యాడని మళ్లా చేయనే లేదు."

"తినలేదా?"

"కోపమొచ్చి గిన్నె తీసుకోబోతి. గిన్నె గట్టిగా పట్టుకొన్యాడు. 'ఉండనీవే, ఇంకొంచెం ఏయి' అన్యాడు. రొట్టె అయిపోయినా ఏలితో గీక్కొని..."

ఆగిపోయింది. మా కోడలు వాకిట్లో బట్టలు పిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అలసందలు నానబెట్టల్ల," అని లేచింది రంగక్క. డబ్బా మా ఇంట్లోనే మరిచిపోయింది. మరుసటి రోజుకు అది ఖాళీ అయ్యే పని నేనే చూసుకున్నాను.

అమావాస్యనాడు తిమ్మన్న ఫోటో ముందు ఆకు వేశారు. అన్నం, మాంసం పులుసు, వడలు, బీడీకట్ట, కొంచెం పెద్దదైన ఆ టోపీ. ఆకు మధ్యలో రాగి రొట్టె, దాని మీద అలసందల ముద్ద. టెంకాయ కొట్టి, తలుపు దగ్గరికి వేసి, ముగ్గురం బయట మెట్ల మీద కూర్చున్నాం. ఊరి చివర పలకల మీద ఎండ కన్ను తెరవనివ్వడం లేదు. దర్శన్ గడియ గడియకూ తలుపు వైపు చూస్తున్నాడు.

"చాలు లేమా, తెరుస్తాం. ఆకలయితాండాది."

"ఉండప్పా," అంది రంగక్క. "గీక్కొని తిననీకి శానా పొద్దు పడ్తాది ఆయనకు."

తలుపు తెరిచాక ముందుగా నాకే వడ్డించింది. రొట్టె తుంచి అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎట్లుండాది బావా?"

లెబనాన్ రాజుగారి మీద మంచి కథ ఒకటి దారిలోనే అల్లుకుని వచ్చాను. నోరు ఖాళీ లేదు. ఇంకొంచెం వెయ్యమని ఆకు ముందుకు జరిపాను.