జేజినాయన కేకకు జాగా

మా నాయన దృష్టిలో ఏ వస్తువైనా మూడుంటేనే ఒకటి ఉన్నట్టు. ఆళ్లగడ్డలో మా ఇంటి తాళానికి మూడు చెవులు, ఆయనకు మూడు జతల కళ్ళద్దాలు, ఇంట్లో మూడు టార్చిలైట్లు. ఒకటి పోతుంది, ఇంకొకటి ఎవరో అడుక్కుపోతారు, మూడోది మనకు మిగులుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. బడిపంతులుగా రిటైరై చర్చిలో పాటల జట్టును నడిపిస్తున్న మనిషి కాబట్టి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నాకుండేది గానీ, ఆయన వినేవాడు కాదు.

రెండు వేల తొమ్మిదో, పదో. నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ నేనొక కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాతదాన్ని నాయనకిచ్చాను. ఆయన దాన్ని బీరువా అనుకున్నాడు. చర్చిలో పెళ్ళయిన ప్రతి జంటా తమ పెళ్ళి సీడీ తెచ్చి, సార్ దగ్గరుంటే భద్రమని ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. ఆయన ఆ పెళ్ళిళ్ళూ, పాటల జట్టు రికార్డింగులూ, క్రిస్మస్ నాటకాలూ అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ప్రతిదీ మూడేసి కాపీలు. ఏడాది తిరక్కుండానే అది ఇక నా వల్ల కాదని చేతులెత్తేసింది.

ఎవరి పెళ్ళి ఎక్కడ ఉంటే నాకేం గానీ, జాగా నిండిపోయే సమయానికి లోపలికి ఎక్కకుండా ఒక్క సీడీ మిగిలిపోయింది. మా ఇంట్లో అసలు విలువైనది అదొక్కటే.

దాని కథ తొంభైల నాటిది. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం, పాటల జట్టంతా మా ఇంటి పడసాలలో కూర్చుంది. నాయన టేపురికార్డరు స్టూలు మీద పెట్టి, మీట నొక్కాక పాట తప్ప ఇంకే చప్పుడూ రాకూడదని, దగ్గొచ్చినా మింగేయాలని అందరినీ హెచ్చరించాడు. నాయనను కన్న తల్లి, మా జేజి, వెనక వరసలో ఉంది. పాట మంచి ఊపులో ఉండగా ఆమె మొగుడు, మా జేజినాయన, దొడ్లోంచి ఒక్క కేక పెట్టాడు. "యాడ సచ్చినారు అందరూ? ఎనుము తాడు తెంపుకున్యాది. కట్టేయండి!" ఆ కేక జేజి కోసమేనని పడసాలలో ఉన్న అందరికీ తెలుసు. జేజికీ తెలుసు. కానీ కొడుకు మాట ప్రకారం ఆమె కదల్లేదు, పలకలేదు, పాట చివరి దాకా పాడింది. మా పాడి ఎనుము పక్కింటి వాళ్ళ జొన్నచొప్ప వామిని కడుపారా మేసింది. పిలిస్తే పలకలేదని జేజినాయన ఆమెతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. పాట చెడిపోయిందని నాయన జేజినాయనతో మాట్లాడలేదు. ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో సంతోషంగా ఉన్నది ఎనుమొక్కటే.

తర్వాత జేజినాయన పోయాడు. ఆయన గొంతు ఎక్కడైనా ఉందా అని వెతికితే ఆ చెడిపోయిన పాటలో తప్ప ఇంకెక్కడా లేదు. నాయన ఆ క్యాసెట్టును నంద్యాల తీసుకుపోయి సీడీ చేయించాడు. అది మొదలు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక జేజి వచ్చి కూర్చుని, "మీ జేజినాయన్ను పెట్టు మే," అనేది. ఆదివారాలు ఇంటికొచ్చే నేను పెట్టేదాన్ని. ఆమె కేక దాకా విని, లేచి అన్నానికి పోయేది. పాట గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

పెట్టి పెట్టి సీడీ గీతలు పడింది. ఒక ఆదివారం జేజినాయన "ఎను… ఎను… ఎను…" అంటూ అక్కడే ఆగిపోయాడు. జేజి ముఖం చూడలేకపోయాను. బతికున్నప్పుడు ఒక్క మాటకు కూడా తడబడి ఎరగడు ఆ మనిషి అని ఆమె అంది. సీడీ పూర్తిగా చావకముందే ఆ కేకను లాప్‌టాప్ లోపలికి తెచ్చుకోవాలి. ముందే ఎందుకు ఎక్కించలేదంటే, నాయన మంచి పాటలు ముందు, చెడిపోయిన పాట ఆఖరున అని వరస పెట్టుకున్నాడట. నాకు ఒళ్ళు మండింది. ఏదో ఒక పెళ్ళి తీసేస్తే చాలునని చెప్పాను.

"ఎవరి పెండ్లి తీసేమంటావో నువ్వే చెప్పు," అన్నాడు నాయన. ఒకరి పేరు చెప్పాను. వాళ్ళకు ఇప్పటికే తగాదాలట, ఈ సంగతి తెలిస్తే ఇంకేమన్నా ఉందా అన్నాడు. ఇంకొకరిని చెప్పాను. ఆ పిల్ల పాటల జట్టులో ముందు వరస. పోనీ మూడు కాపీల్లో ఒకటి తీసేయమన్నాను. రెండు రోజులు అన్నం మానేయమన్నట్టు నన్ను చూశాడు. ఒకే డిస్కులో మూడు కాపీలు పెట్టుకోవడమంటే మూడు తాళం చెవులూ ఒకే జేబులో వేసుకోవడమేనని, జేబు చిరిగితే మూడూ పోతాయని వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, అయితే ఇంకో డిస్కు కావాల అన్నాడు. నా వాదన చివరికి నా నెత్తికే చుట్టుకుంది.

బయట తగిలించుకునే డిస్కు తెస్తానంటే ఒప్పుకోలేదు. బయట ఉండే వస్తువును ఎవరో ఒకరు అడుగుతారు, సార్ లేదు అనలేడు, ఇక అది తిరిగి రాదు. మా ఇంటి నిచ్చెన గోస్పాడు వైపు ఏదో ఊళ్ళో ఉందని వినికిడి. అందుకని లోపలే పెట్టించమన్నాడు.

ఒక శనివారం ఆయన లాప్‌టాప్‌ను దుప్పటిలో చుట్టుకుని నంద్యాల బస్సు దిగాడు. బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకు తీసుకుపోయాను. షాపు భాయ్ దాన్ని తిరగేసి చూసి, ఇందులో రెండో డిస్కుకు వేరే జాగా లేదన్నాడు. సీడీలు పెట్టే డ్రైవును తీసేసి, ఆ సందులో ఒక ఫ్రేము బిగించి, అందులో కొత్త డిస్కు కూర్చోబెట్టొచ్చునట. ఇంక సీడీలతో పని లేదు కదా అని భాయ్ అడిగాడు కూడా.

"అన్నీ లోపలికి ఎక్కిస్తాండాం కదప్పా, ఇంక దాంతో ఏం పని? పీకేయ్," అన్నాడు నాయన. నేను పక్కనే ఉండి తలూపాను.

భాయ్ స్క్రూడ్రైవరు పట్టుకోగానే నాయన ఒక్క నిమిషం ఆగమన్నాడు. మా ఇంట్లో కొత్త సైకిలుకైనా, కుట్టు మిషనుకైనా ప్రార్థన లేకుండా చెయ్యి పడదు. షాపులో అందరి మధ్యా నిలబడి కళ్ళు మూసుకుని, ఈ పరికరంలో నువ్వు విశాలత కలగజేయాలి తండ్రీ అని మొదలుపెట్టాడు. భాయ్ స్క్రూడ్రైవరు దించి, తలొంచుకుని నిలబడ్డాడు. చార్జరు కోసం వచ్చిన ఇద్దరు కూడా ఎందుకో చెప్పులు విడిచారు. ఆ తర్వాత పని ఎంతోసేపు పట్టలేదు. పీకేసిన డ్రైవును కవర్లో పెట్టి మా చేతికిచ్చాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. శిరివెళ్ల దాటే దాకా నాయన పక్క సీటాయనకు ఇప్పుడు లాప్‌టాప్‌లో ఎంత జాగా ఉందో వర్ణిస్తూనే ఉన్నాడు. ఇంటికి చేరేసరికి జేజి ఆదివారం చీర కట్టుకుని, చేతిలో సీడీ పట్టుకుని పడసాలలో కూర్చుని ఉంది. నేను లాప్‌టాప్ తెరిచి, సీడీ అందుకుని, పక్కనున్న మీట కోసం వేలు పెట్టాను. మీట లేదు. నున్నటి ప్లాస్టిక్ తగిలింది. నాయన కూడా తడిమి చూశాడు. తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన మెల్లగా సంచిలోంచి కవరు తీసి, అందులోని డ్రైవును లాప్‌టాప్ పక్కన ఆనించి పెట్టాడు. ఏమీ జరగలేదు.

ఏమైందని జేజి అడిగింది. చెప్పాం. ఆమె కొడుకునూ, నన్నూ, లాప్‌టాప్‌నూ వరసగా చూసింది.

"గాదె బాగనే కట్టినారు. గింజలు పోసే కంత మూసేసినారు," అని లేచి, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నాయన అన్నం సరిగా తినలేదు.

ఆదివారం షాపు ఉండదు. సోమవారం బడికి సెలవు పెట్టి, నాయనతో మళ్ళీ అదే షాపు మెట్లెక్కాను. ఈసారి ఆయన సీడీని రెండు పలకల మధ్య పెట్టి గుడ్డతో కట్టి తెచ్చాడు. భాయ్ నవ్వలేదు, అది ఆయన మంచితనం. తన కంప్యూటర్లో సీడీ వేసి కాపీ పెట్టాడు. ఆకుపచ్చ గీత సగం దాకా పాకి ఆగిపోయింది. భాయ్ సీడీ తీసి, పక్క కొట్లోంచి టూత్‌పేస్టు తెప్పించి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు నెమ్మదిగా రుద్ది, కడిగి, తుడిచి మళ్ళీ వేశాడు. నాయన ఈసారి పైకి ప్రార్థన చేయలేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. గీత మళ్ళీ అక్కడే ఆగింది. చాలాసేపటికి అది కాస్త జరిగింది, ఇంకాస్త జరిగింది, చివరికి నిండింది.

సరిగ్గా వచ్చిందో లేదో వినమని భాయ్ స్పీకర్లు పెట్టబోయాడు. నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దప్పా. మా యమ్మ ఇనాల మొదట."

పాటను పెన్‌డ్రైవులో వేసి, దాన్నుంచి లాప్‌టాప్‌లోని కొత్త డిస్కుకు ఎక్కించి ఇచ్చాడు. బస్సులో దారి పొడుగునా నాయన లాప్‌టాప్‌ను ఒళ్ళోంచి దించలేదు. ఆ కేక బాగుందో, "ఎను… ఎను…" అనే మిగిలిందో ఇద్దరికీ తెలియదు. నేను కిటికీ పక్కన కునుకు తీస్తున్నప్పుడు ఆయన లాప్‌టాప్ తెరిచి ఏదో చేసుకున్నాడు.

ఇంట్లో జేజి ఈసారి చీర మార్చుకోలేదు. రోజూ కట్టే చీరతోనే, బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాట పెట్టాను. జట్టు పాడుతోంది, వెనక వరసలో జేజి గొంతు సన్నగా వినిపిస్తోంది. "యాడ సచ్చినారు అందరూ? ఎనుము తాడు తెంపుకున్యాది. కట్టేయండి!" ఒక్క తడబాటు లేదు. జేజి చేట పక్కన పెట్టింది. నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పాట అయిపోగానే మళ్ళీ మొదలైంది. జేజినాయన మళ్ళీ అరిచాడు. నాకు అర్థమై నాయన వైపు చూశాను. బస్సులో చేసుకున్న పని ఇదన్నమాట. ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా నేల చూపులు చూస్తున్నాడు. మూడో కాపీ మొదలైంది. ఆపుదామని చెయ్యి చాస్తే జేజి వద్దంది. పాట వచ్చింది, ఊపందుకుంది, జేజినాయన దొడ్లోంచి మూడోసారి కేక పెట్టాడు.

జేజి దొడ్డి వైపు తిరిగింది.

"ఆ పొద్దు నోరు మెదపొద్దని వీడు చెప్పినాడు, అందుకే పలకలేదు," అంది. "కట్టేసినాలే. ఇంక అరవద్దు."