రెట్టింపు మావయ్య

మా మావయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎంతసేపు పడుతుందని అడిగినా, ఉన్నదానికి రెట్టింపు చెబుతాడు. గంటన్నర ప్రయాణాన్ని మూడు గంటలంటాడు. పనీపాటా లేని మనిషైతే సరిపెట్టుకోవచ్చు. ఈయన నడిపేది విమాన టికెట్ల కొట్టు! పక్క కుర్చీలో కూర్చుని తల కొట్టుకునే మేనకోడల్ని నేను.

ఆ ఇరుకు కొట్టులో గోడకు ప్రపంచ పటం ఉంది. మావయ్య దాని మొహం చూసిన పాపాన పోలేదు. ఒకసారి ఒక ఇంజనీరు, పటంలో కొలిస్తే అంత దూరం లేదే, విమానం తిన్నగా పోతుంది కదండీ అన్నాడు. మావయ్య కళ్లద్దాల మీదుగా చూసి, "ఎదురుగాలి మీ పటంలో ఉందా?" అన్నాడు. అంత చదువుకున్నాయనా తలూపి టికెట్ తీసుకుపోయాడు. తెలివితక్కువతనానికి ఇంత గిరాకీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక కాలేజీవాళ్లు ఈయన మాట నమ్మి, ముఖ్య అతిథికి ఎదురుగా విమానాశ్రయానికి వెళ్లారు. పూలగుత్తితో వెళ్లేసరికి ఆయన పెట్టె మీద తల వాల్చి గురక పెడుతున్నాడు. వాళ్లు కొట్టు మీదికి పోట్లాటకొస్తే, తొందరపడి ముందొచ్చింది ఆయన, నన్నంటారేమిటని మావయ్య ఎదురు తిరిగాడు. టికెట్ మీద టైము అచ్చేసి ఉంది కదా మావయ్యా అని నేను నెత్తీనోరూ బాదుకున్నాను.

"అది విమానం టైమే. నేను చెప్పేది ఇంటి టైము."

వేదాంతం ఒకటి, మధ్యలో!

ఇక మా అమ్మ. చెప్పిన వేళకు మనిషి గుమ్మంలో కనపడకపోతే ఆవిడ ప్రాణం నిలవదు. కొన్నేళ్ల కిందట నా బస్సు ఆలస్యమైతే గేటు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. గుండె బలహీనంగా ఉంది, ఇంకోసారి ఇంత కంగారు పడితే ప్రమాదమని డాక్టరు మరీమరీ చెప్పాడు.

మొన్న నేను పనిమీద వెళ్లి తిరిగొస్తుంటే కుండపోత వాన. రెండు గంటల ప్రయాణం. దిగడానికి వీల్లేక విమానం గంటకు పైగా మబ్బుల్లోనే చక్కర్లు కొట్టింది. చుట్టూ అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను మాత్రం మా గేటును తలుచుకున్నాను. దిగీదిగగానే ఫోను చూస్తే అమ్మ నుంచి ఒక్క కాల్ కూడా లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెంటనే ఇంటికి ఫోను చేశాను.

"అప్పుడే దిగిపోయావా?" అంది అమ్మ చిరాగ్గా. "తమ్ముడు నాలుగు గంటలన్నాడే! ఇంకా అన్నం కూడా వండలేదు."

మర్నాడు కొట్టులో మావయ్యను నిలదీశాను. అమ్మ సంగతి సరే, ఊళ్లోవాళ్లందరికీ ఎందుకీ అబద్ధం? ఆయన తలెత్తలేదు.

"ఇంటికొక మీ అమ్మ ఉంటుందే. ముందొచ్చారని ఇప్పటిదాకా ఎవరూ కళ్లు తిరిగి పడిపోలేదు కదా?"

ఆలోచిస్తే ఈ జబ్బు ఆయనకు అమ్మ పడిపోయిన ఏడాదే పట్టుకుంది. అయినా సరే, భూగోళశాస్త్రంలో ఆయనకు నేను వేసేది సున్నాయే.

సాయంత్రం ఒకాయన వచ్చి, ప్రయాణం ఎంతసేపమ్మా, ఇంట్లో చెప్పాలి అన్నాడు. చూస్తే గంటే.

"రెండు గంటలండీ," అన్నాను.

పక్క కుర్చీలోంచి మావయ్య గొణిగాడు.

"వానాకాలమే. మూడు చెప్పు."