దోక్‌సు చిటికెన వేలు

గాంగ్నుంగ్ జట్టు గోలు ముందు పందొమ్మిదేళ్లు నిలబడిన మా దోక్‌సు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఆ ఘనత పుణ్యమా అని రెండో గోల్‌కీపర్ పియో గిబొమ్ పదకొండేళ్లు బెంచీ మీద తపస్సు చేశాడు.

తన వీడ్కోలు విందులో దోక్‌సు వెళ్లి గిబొమ్ పక్కన కూర్చున్నాడు.

"ఒరే గిబొమ్, మనం ఆడిన ఆ కప్పు ఫైనల్ ముందురోజు నా చిటికెన వేలు విరిగిందిరా. చెబితే నిన్ను ఆడిస్తారని బెణికిందన్నాను."

గిబొమ్ పెద్దవాడి ముందు కొరియా మర్యాద ప్రకారం మొహం పక్కకు తిప్పుకుని సోజు సారా తాగాడు.

"తెలుసన్నా. టేపు చుట్టింది నేనేగా? ఆ మాత్రం తెలీదా?"

"మరి కోచ్‌తో అనలేదేంరా?"

"నువ్వే చెబుతావని చూశా. ఆఖరి విజిల్ దాకా చూశా."

దోక్‌సు, పెద్దలకు పోసినట్టు రెండు చేతులా సీసా పట్టుకుని, ఆ చిన్నవాడి గ్లాసు నింపాడు.