ఈగ కాళ్ళు, మా ఇంటి పులిహోర

గవర్నర్‌పేటలోని మా కాలేజీ ల్యాబ్‌లో, పోయిన వారం పండు ఈగలు పెంచే సీసా ఒకటి ఎండపడే కిటికీలో ఉండిపోయింది. ఆ వేడికి పుట్టే ఈగల కాళ్ళు వంకరపోతాయని భయపడ్డాను. ఈ రోజు మైక్రోస్కోపు కింద చూస్తే అన్నిటికీ ఆరు కాళ్ళూ చక్కగా ఉన్నాయి! ఒక జన్యువు తడబడితే ఇంకొకటి ఆ పని అందుకుంటుందని, మోతాదు మించితే మరొకటి ఆపుతుందని పిల్లలకు చెప్పి మురిసిపోయాను.

అదే హుషారుతో ఇంటికొచ్చి, శుక్రవారం నైవేద్యానికి మరుగుతున్న పులిహోర పులుసులో ఉప్పు వేశాను. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు కదా!

పూజయ్యాక మా అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఉప్పు నువ్వు కూడా వేశావా అమ్మాయ్?"

"మీరు మర్చిపోయారేమోనని వేశానత్తయ్యా."

"నువ్వు మర్చిపోతావేమోనని నేను ముందే వేశానే!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఒకరి పని ఒకరు అందుకోవడంలో ఈగ జన్యువులకు మేమేం తీసిపోలేదు. ఆపేవాళ్ళే లేరు. అందరికంటే ముందు తిన్న ఆ ఒక్కాయనా నోరు మెదపలేదు.

మీ ఇంట్లో దేవుడి పరిస్థితి ఏమిటండీ?